తప్పును సరిగ్గా చెప్పే ప్రోగ్రాం

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ వస్తుంది. ఆ ఊరి పేరు చెప్పగానే రెండు గుర్తొస్తాయి. ఒకటి ఎన్‌ఐటీ. 1960లో రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయింది. మన వరంగల్ కాలేజీ కంటే ఏడాది చిన్నది. రెండోది పారిశ్రామికవాడ. వెయ్యికి పైగా చిన్న, మధ్యతరహా యూనిట్లున్న ఈ వాడలో చాలావరకు టాటా మోటార్స్ వాహనాలకు కావలసిన విడిభాగాలే తయారవుతాయి. ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్ చుట్టుపక్కల తరాలుగా ఉంటున్నాయి. ఎన్‌ఐటీలో సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్ళకే కాబట్టి ఆంధ్ర, తెలంగాణల నుంచి కూడా పిల్లలు వెళ్ళి చేరుతుంటారు.

ఈ రెండు ఆవరణలకూ మధ్య ఉన్న ఒక చిన్న విషయం గురించే ఈ వ్యాసం. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సీ భాష నేర్పుతారు. ల్యాబు ప్రోగ్రాం ఎలా ఉంటుందో చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. ‘ఒక సంఖ్య ఇవ్వండి’ అని స్క్రీన్ మీద వస్తుంది. మనం టైప్ చేస్తాం, స్కాన్‌ఎఫ్ దాన్ని అందుకుంటుంది, జవాబు వస్తుంది, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటాం. సంఖ్యకు బదులు అక్షరం కొడితే ఏమవుతుందని వైవాలో కూడా ఎవరూ అడగరు. బయట పనిచేసే సీ ప్రోగ్రాములు ఇలా ఉండవు. ఫైళ్ళను కాపీ చేసేది, కంపైలర్, సర్వర్ మీద రాత్రిపూట నడిచే బ్యాకప్, వీటి పక్కన కూర్చుని జవాబులు చెప్పేవాళ్ళు ఉండరు. చెప్పాల్సిందంతా మొదలుపెట్టే కమాండ్‌లోనే చెప్పాలి. ఆ మాటను ప్రోగ్రాం సరిగ్గా అర్థం చేసుకోవాలి, అర్థం కాకపోతే ఏది అర్థం కాలేదో తేటగా చెప్పి ఆగిపోవాలి. సీ నేర్చుకోవడంలో అసలు పరీక్ష ఇదేనని నా అభిప్రాయం. మన ల్యాబుల్లో అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేదీ ఇదే.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. లారీ స్ప్రింగులకు వేసే పిన్నులు చేసే యూనిట్ ఒకటి ఉందనుకోండి. పిన్ను సైజు 25 మిల్లీమీటర్లు, టాలరెన్స్ అటూ ఇటూ 0.02. షిఫ్టులో కొలిచిన సైజులన్నీ వరసకొకటి చొప్పున ‘సోమవారం’ అనే ఫైలులో ఉన్నాయి. వాటిలో ఎన్ని పాసయ్యాయో, ఎన్ని రిజెక్టయ్యాయో చెప్పడానికి ఒక విద్యార్థి ‘కొలత’ అనే ప్రోగ్రాం రాశాడు. దాన్ని నడిపే కమాండ్ ఇది:

కొలత --సైజు 25 --టాలరెన్స్ 0.02 సోమవారం

ఇలా కొట్టి ఎంటర్ నొక్కగానే, ఈ వాక్యం నేరుగా మన ప్రోగ్రాం చేతికి వెళ్ళదు. మధ్యలో షెల్ ఉంటుంది. ఖాళీలు చూసి అది వాక్యాన్ని ముక్కలు చేస్తుంది. ఇక్కడ ఆరు ముక్కలు. మెయిన్ ఫంక్షన్‌కు రెండు విషయాలు అందుతాయి: ముక్కల సంఖ్య ఆర్గ్‌సీలో, ముక్కల చిరునామాల పట్టిక ఆర్గ్‌వీలో. పట్టికలో సున్నా స్థానంలో ప్రోగ్రాం పేరే ఉంటుంది, చివరి ముక్క తర్వాత అంతమైందని చెప్పే నల్ పాయింటర్ ఉంటుంది. అన్నీ అక్షరాల వరసలే. 25 అనేది కూడా ఇక్కడ సంఖ్య కాదు, 2, 5 అనే రెండు గుర్తులు మాత్రమే. 1978లో కెర్నిగన్, రిచీ రాసిన సీ పుస్తకంలోనే ఈ ఆర్గ్‌సీ, ఆర్గ్‌వీ ఏర్పాటు వివరంగా ఉంది.

షెల్ చేసే ఇంకో పని తెలియక చాలామంది దెబ్బతింటారు. నక్షత్రం గుర్తు పెడితే మనం ఉన్న డైరెక్టరీలోని ఫైళ్ళ పేర్లన్నీ అక్కడ నింపేది షెల్లే. ప్రోగ్రాంకు నక్షత్రం కనిపించనే కనిపించదు, పేర్లే కనిపిస్తాయి. ఆ పేర్లలో ఒకటి హైఫన్‌తో మొదలైతే అది ఫైలు పేరో, ‘--సైజు’ లాంటి ఆప్షనో తెలుసుకునే దారి ప్రోగ్రాంకు లేదు. ‘-ఆర్‌ఎఫ్’ అనే ఇంగ్లీషు అక్షరాల పేరుతో ఎవరైనా ఒక ఫైలు సృష్టించి పెడితే, ఫైళ్ళు తుడిచే కమాండ్‌కు నక్షత్రం ఇచ్చినవాళ్ళు తమకు తెలియకుండానే ‘లోపలి డైరెక్టరీలు కూడా తుడిచెయ్, అడగకు’ అని చెప్పినట్టవుతుంది. అందుకే యూనిక్స్‌లో ఒక ఒప్పందం ఏర్పడింది. రెండు హైఫన్లు ఒంటరిగా వస్తే ఆప్షన్లు అక్కడితో అయిపోయాయి, ఆ తర్వాత వచ్చేవన్నీ మామూలు పేర్లే. స్క్రిప్టులు రాసేవాళ్ళు ఈ రెండు గీతలను అలవాటు చేసుకోవాలి.

ఇలాంటి ఒప్పందాలు మొదట్లో ఉండేవి కావు. ఎవరి ప్రోగ్రాంలో వాళ్ళు తోచినట్టు ఆప్షన్లు చదువుకునేవారు. ఆ గందరగోళం గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. డీడీ అనే కమాండ్‌కు హైఫన్లు లేవు, అన్నీ ‘పేరు సమానం విలువ’ పద్ధతిలో ఇవ్వాలి. పాత ఐబీఎం యంత్రాల జాబ్ కంట్రోల్ భాష నుంచి వచ్చిన పోలిక అది. 1980 ప్రాంతంలో ఏటీ అండ్ టీ వాళ్ళు గెట్‌ఆప్ట్ అనే ఫంక్షన్ తయారుచేసి, యూనిక్స్ సిస్టమ్ త్రీలో చేర్చారు. 1985లో డాలస్‌లో జరిగిన యూనిఫోరం సమావేశంలో దాని సోర్సును అందరూ ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. ఆ తర్వాత అది పోసిక్స్ ప్రమాణంలో చోటు సంపాదించింది. గ్నూ ప్రాజెక్టు వాళ్ళు దానికి పొడుగు పేర్లు జోడించి గెట్‌ఆప్ట్‌లాంగ్ చేశారు. మన ‘--టాలరెన్స్’ లాంటివి ఆ పొడుగు పేర్లే.

గెట్‌ఆప్ట్ పనితీరు తేలికే. మన ప్రోగ్రాంకు ఏయే అక్షరాలు ఆప్షన్లో ఒక వరస రాసిస్తాం. వెంట విలువ రావాల్సిన అక్షరం పక్కన కోలన్ పెడతాం. లూప్‌లో పిలిచిన ప్రతిసారీ అది ఒక్కో ఆప్షన్ అక్షరం తిరిగిస్తుంది, దాని విలువను ఆప్ట్‌ఆర్గ్ అనే పాయింటర్‌లో ఉంచుతుంది. తెలియని అక్షరం ఎదురైతే ప్రశ్నార్థకం ఇస్తుంది. ఆప్షన్లు అయిపోతే మైనస్ ఒకటి.

ఈ మైనస్ ఒకటి దగ్గర ఒక పాత ఉచ్చు ఉంది. గెట్‌ఆప్ట్ ఇచ్చేది ఇంట్. ‘అక్షరమే కదా ఇస్తోంది’ అని విద్యార్థి దాన్ని క్యార్‌లో దాచుకుంటాడు. ల్యాబులోని ఇంటెల్ కంప్యూటర్ మీద బాగానే నడుస్తుంది, ఎందుకంటే అక్కడ క్యార్‌కు రుణ సంఖ్యలు పడతాయి. అదే ప్రోగ్రాంను రాస్‌ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ బోర్డు మీద లినక్స్‌లో నడిపితే, అక్కడ మామూలు క్యార్‌కు రుణ సంఖ్యలుండవు. మైనస్ ఒకటి కాస్తా 255 అయిపోతుంది, లూప్‌కు ముగింపు రాదు. ప్రోగ్రాం తిరుగుతూనే ఉంటుంది, లేదంటే అన్నీ సరిగ్గా ఇచ్చినా తప్పు ఇచ్చారంటూ ఆగిపోతుంది. ల్యాబులో నడిచిందే షాప్ ఫ్లోర్ మీద ఎందుకు నడవలేదన్న ప్రశ్నకు ఒక్కోసారి జవాబు ఈ ఒక్క మాటలో ఉంటుంది.

తెలుగులో ఆప్షన్ పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. అయితే పొడుగు పేర్లకే. గెట్‌ఆప్ట్ పొట్టి ఆప్షన్‌ను ఒక్క బైటుగా చూస్తుంది. తెలుగు ‘క’ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ‘-క’ అని ఇస్తే అది ఒక అక్షరమని దానికి తెలియదు, కలిపి రాసిన మూడు ఆప్షన్లనుకుంటుంది. ప్రోగ్రాం మొదటి తప్పుకే ఆగకపోతే, మూడు తెలియని ఆప్షన్లున్నాయంటూ చదవలేని గుర్తులతో మూడు ఫిర్యాదులు చేస్తుంది. పొడుగు పేర్లతో ఈ ఇబ్బంది లేదు. అక్కడ బైట్ల వరసను బైట్ల వరసతో పోల్చి చూడడమే కాబట్టి ‘--సైజు’ హాయిగా పనిచేస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. తెలుగు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు చేరుతుంటుంది. ‘--టాలరెన్స్’ చివర అది చేరితే తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు. ప్రోగ్రాం ‘--టాలరెన్స్ తెలియదు’ అంటుంది, చూసేవాళ్ళకు పిచ్చెక్కుతుంది. తెలుగు పేర్లు వాడే ప్రోగ్రాం పోల్చే ముందు ఆ గుర్తును తీసేయాలి. ఈ బాధ్యత తెలుగు ప్రోగ్రామర్లది, ఇంకెవరూ మన కోసం చేసిపెట్టరు.

సంఖ్య అనుకున్నది సంఖ్యేనా?

ఆప్షన్ ఏదో తెలిసింది. ఇప్పుడు దాని విలువను చదవాలి. ల్యాబు పుస్తకాల్లో దీనికి ఏటూఎఫ్, ఏటూఐ అనే ఫంక్షన్లు చూపిస్తారు. షిఫ్టు మారే హడావిడిలో సూపర్‌వైజర్ 0.02 అని కొట్టబోయి మొదటి సున్నాకు బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం కొట్టాడనుకోండి. ఏటూఎఫ్‌కు సంఖ్య కనపడదు, మారు మాట్లాడకుండా సున్నా ఇస్తుంది. టాలరెన్స్ సున్నా అయిపోయింది. సరిగ్గా 25 మిల్లీమీటర్లు తేలని పిన్నులన్నీ రిజెక్ట్. బాగున్న లాటు మొత్తం పక్కన పెట్టేస్తారు. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు, ఒక్క హెచ్చరిక కూడా చెయ్యలేదు. నిజంగా సున్నా ఇచ్చారా, సున్నాలా కనిపించే చెత్త ఇచ్చారా అన్నది ఏటూఎఫ్ చెప్పలేదు. అందుకే దాన్ని ఏ నిజమైన పనికీ వాడకూడదు.

వాడాల్సింది స్ట్రటాడ్, పూర్ణసంఖ్యలకైతే స్ట్రటాల్. ఇవి సంఖ్యను ఇవ్వడంతో పాటు ఎక్కడిదాకా చదివాయో ఒక పాయింటర్‌లో చెబుతాయి. అది మొదటి అక్షరం దగ్గరే ఉంటే అక్కడ సంఖ్యే లేదన్నమాట. వరస చివరికి చేరకుండా మధ్యలో ఆగితే సంఖ్య వెనక ఇంకేదో తగిలించి ఉంది. సంఖ్య మరీ పెద్దదైతే ఎర్ర్‌నోలో ఈరేంజ్ అనే గుర్తు పెడతాయి. పిలిచే ముందు ఎర్ర్‌నోను మనమే సున్నా చేసుకోవాలి. మూడు తనిఖీలు, నాలుగైదు వరసల కోడ్. అంతే.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. సంఖ్య కానిదని అర్థం వచ్చే ‘నాన్’ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలను స్ట్రటాడ్ చట్టబద్ధంగా ఒప్పుకుంటుంది. 1999 సీ ప్రమాణమే అలా చెబుతోంది. టాలరెన్స్ నాన్ అయితే ఏమవుతుందో చూడండి. నాన్‌తో దేన్ని పోల్చినా, పెద్దదా అన్నా చిన్నదా అన్నా జవాబు ‘కాదు’ అనే వస్తుంది. ‘తేడా టాలరెన్స్ కంటే ఎక్కువైతే రిజెక్ట్’ అని రాసిన ప్రోగ్రాంలో ఏ పిన్నూ రిజెక్ట్ కాదు. 24 మిల్లీమీటర్లదీ పాస్, 30దీ పాస్. ఇందాకటి తప్పు మంచి సరుకును ఆపింది, ఇది చెడ్డ సరుకును లారీ కిందికి పంపుతుంది. మందు ఒకటే: చదివిన సంఖ్య మనకు అర్థమున్న హద్దుల్లో ఉందో లేదో చూడాలి. అది కూడా ‘సున్నా కంటే ఎక్కువ, ఒకటి కంటే తక్కువ అయితేనే ఒప్పుకో’ అని రాయాలి. ఒప్పుకునే షరతు రాస్తే నాన్ దానంతటదే బయటపడుతుంది. తోసిపుచ్చే షరతు రాస్తే సందులోంచి లోపలికి వచ్చేస్తుంది.

ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

తప్పు పట్టుకున్నాం. దాన్ని ఎక్కడ చెప్పాలి? ప్రింట్‌ఎఫ్‌తో చెబితే అది స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి, అంటే ఫలితాలు వెళ్ళే దారిలోకే వెళుతుంది. ఆ దారిని ఫైలుకో, ఇంకో ప్రోగ్రాంకో మళ్ళించి ఉంటే మనిషికి ఏమీ కనిపించదు, ఫలితాల మధ్య ఒక ఫిర్యాదు కలిసిపోతుంది. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే ఈ సమస్య వచ్చింది. 1970లలో అక్కడ సీఏటీ అనే ఫొటోటైప్‌సెట్టర్ ఉండేది. కాంతితో కాగితం మీద అక్షరాలు కూర్చే యంత్రం, ఖరీదైన ఫొటో కాగితం, ఆ తర్వాత దాన్ని రసాయనాల్లో కడగడం. ఇంత చేశాక చూస్తే కొందరి కాగితం మీద ‘ఫైలు తెరవలేకపోయాను’ అన్న ఒక్క వాక్యం అందంగా అచ్చయి ఉండేదట. యాక్ రచయిత స్టీవ్ జాన్సన్ ఈ సంగతి గుర్తుచేసుకున్నాడు. ఆ ఫిర్యాదుల నుంచే స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే దారి పుట్టింది. ఈ రోజు ప్రతి సీ ప్రోగ్రాం మొదలవుతూనే మూడు దారులు తెరిచి ఉంచుకుంటుంది: లోపలికి సున్నా, ఫలితానికి ఒకటి, ఫిర్యాదుకు రెండు. ఫలితం బఫర్‌లో కాసేపు ఆగవచ్చు, ఫిర్యాదు మాత్రం బఫర్ నిండేదాకా ఆగకూడదని సీ ప్రమాణమే ఏర్పాటు చేసింది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. వాడేవాళ్ళు సాయం కోసం ‘--హెల్ప్’ అని అడిగితే వాడుక వివరాలు స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు వెళ్ళాలి, ఎందుకంటే అడిగింది అదే. తప్పు కమాండ్ ఇచ్చినప్పుడు చూపే వాడుక స్టాండర్డ్ ఎర్రర్‌కు వెళ్ళాలి.

మంచి ఫిర్యాదులో మూడు ముక్కలుంటాయి: ఎవరు, దేని గురించి, ఎందుకు. ‘కొలత: సోమవారం: అలాంటి ఫైలు లేదు.’ ముందు ప్రోగ్రాం పేరెందుకంటే, ఒక స్క్రిప్టులో పది ప్రోగ్రాములు నడుస్తున్నప్పుడు ఎవరు మాట్లాడారో తెలియాలి. ఫైలు లోపల తప్పుంటే వరస సంఖ్య కూడా చెప్పాలి: ‘కొలత: సోమవారం:418: 25.ఓ1 సంఖ్య కాదు.’ కంపైలర్లు వాడే పద్ధతి ఇది, గ్నూ వాళ్ళ కోడింగ్ ప్రమాణాల్లోనూ ఉంది. తప్పు మాటను ఉన్నదున్నట్టు తిరిగి చూపడం ముఖ్యం. సున్నా ఉండాల్సిన చోట ఓ ఉందని మనిషి కన్ను అప్పుడే పట్టుకుంటుంది. ‘ఇన్‌పుట్ సరిగ్గా లేదు’ అని మాత్రమే చెప్పే ప్రోగ్రాం మనిషి సమయాన్ని తింటుంది. వెయ్యి వరసల ఫైలులో ఆ ఒక్క ఓ అక్షరాన్ని రాత్రి షిఫ్టులో వెతికేవాళ్ళ అవస్థ తలుచుకుంటే, వరస సంఖ్య చెప్పకపోవడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

కారణం చెప్పడానికి సీ మనకు ఎర్ర్‌నో ఇచ్చింది. ఫైలు తెరవడం కుదరకపోతే సిస్టమ్ అందులో ఒక సంఖ్య పెడుతుంది. లినక్స్‌లో 2 అంటే అలాంటి ఫైలు లేదు, 13 అంటే అనుమతి లేదు. స్ట్రర్రర్, పెర్రర్ ఫంక్షన్లు దాన్ని మాటల్లోకి మారుస్తాయి. అయితే ఎర్ర్‌నో పెళుసు. తప్పు జరిగిన వెంటనే దాచుకోకపోతే మధ్యలో పిలిచిన ఇంకో ఫంక్షన్ దాన్ని మార్చేయవచ్చు. దీనికి ఒక చరిత్ర ఉంది. పాత యూనిక్స్‌లలో ప్రింట్‌ఎఫ్ తొలిసారి రాసేటప్పుడు అవతల ఉన్నది టెర్మినలా కాదా అని తనలో తాను చూసుకునేది. కాకపోతే ఎర్ర్‌నోలో ‘ఇది టైపురైటర్ కాదు’ అన్న గుర్తు మిగిలిపోయేది. ఆ తర్వాత ఏ అజాగ్రత్త ప్రోగ్రామైనా తన ఫిర్యాదులో ఆ మాటే చెప్పేది. మెయిల్ ఎందుకు చేరలేదంటే ‘టైపురైటర్ కాదు’ అన్న జవాబులు సెండ్‌మెయిల్ నుంచి వచ్చిన కాలం ఒకటుంది. తప్పు కారణం చెప్పడం కారణం చెప్పకపోవడం కంటే హానికరం, ఎందుకంటే మనిషిని లేని చోట వెతకమంటుంది.

మాటలు మనిషి కోసం. ఇంకో ప్రోగ్రాం కోసం ఎగ్జిట్ కోడ్ ఉంది. సున్నా అంటే పని అయింది, ఇంకేదైనా అంటే కాలేదు. గ్రెప్ దీన్ని చక్కగా వాడుతుంది: వెతికింది దొరికితే 0, దొరక్కపోతే 1, అసలు వెతకడమే కుదరకపోతే 2. మన ‘కొలత’కు కూడా ఇదే సరిపోతుంది: అన్నీ పాసైతే 0, రిజెక్టులుంటే 1, పనే జరగకపోతే 2. రిజెక్టుల సంఖ్యనే ఎగ్జిట్ కోడ్‌గా ఇద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. యూనిక్స్‌లో షెల్‌కు చేరేది కింది 8 బిట్లే. 255 దాకా పర్వాలేదు, సరిగ్గా 256 పిన్నులు రిజెక్టయిన రోజున షెల్‌కు అందేది సున్నా, అంటే అంతా బాగుందని.

మరో తప్పు ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. డిస్కు నిండిపోయింది. ప్రింట్‌ఎఫ్ రాసింది బఫర్‌లోకి కాబట్టి అది విజయమనే చెబుతుంది. ప్రోగ్రాం ముగిసేటప్పుడు బఫర్ ఖాళీ చెయ్యబోతే చోటు ఉండదు, ఆ వైఫల్యాన్ని చూసేవాళ్ళు ఉండరు, ఎగ్జిట్ కోడ్ సున్నా. లినక్స్‌లో డెవ్ ఫుల్ అనే ప్రత్యేక ఫైలు ఉంది, ఎప్పుడూ నిండినట్టే నటిస్తుంది. మొట్టమొదటి పాఠంలో రాసిన ‘హలో వరల్డ్’ అవుట్‌పుట్‌ను దానికి మళ్ళించి చూడండి. ఒక్క అక్షరమూ ఎక్కడికీ చేరదు, ప్రోగ్రాం మాత్రం గెలిచానంటుంది. చివర్లో అవుట్‌పుట్‌ను మనమే మూసి, ఆ మూయడం సఫలమైందో లేదో చూడాలి. గ్నూ కోర్‌యూటిల్స్ ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి.

ఇవన్నీ చిన్న విషయాలని కొట్టిపారేసేవాళ్ళు రెండు సంగతులు తెలుసుకోవాలి. రెండూ క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టినవే.

2021 జనవరి 26న వాళ్ళు సూడోలోని లోపాన్ని ప్రకటించారు. మామూలు వాడకందారుకు తాత్కాలికంగా అధికారి హక్కులు ఇచ్చే ప్రోగ్రాం సూడో. లినక్స్ సర్వర్లలో అది లేని చోటు అరుదు. దానికి సూడోఎడిట్ అనే ఇంకో పేరు కూడా ఉంది. ఆ పేరుతో నడిపినప్పుడు ‘ఎస్’ అనే ఆప్షన్‌ను ఒప్పుకోకూడదు. ఆప్షన్లు చదివే కోడ్ మాత్రం ఒప్పుకుంది. ఆ ఆప్షన్ రాదనుకుని రాసిన మిగతా కోడ్‌లో అది మెమరీ హద్దు దాటే రాతకు దారితీసింది. ఏ మామూలు వాడకందారైనా అధికారి అయిపోయే వీలుండేది. 2011 జులై నుంచి ఈ లోపం అందులో ఉంటూ వచ్చింది. సరిచేసిన సూడోను గుర్తుపట్టే పద్ధతి కూడా ఫిర్యాదులోనే ఉంది. ఆ ఆప్షన్‌తో సూడోఎడిట్‌ను నడిపితే, లోపమున్నది తన పేరుతో మొదలయ్యే ఫిర్యాదు చేస్తుంది, సరిచేసినది వాడుక చూపించి వెంటనే ఆగిపోతుంది.

దాదాపు ఏడాదికి, 2022 జనవరి 25న, రెండోది. పోల్కిట్ ప్యాకేజీలో ఉండే, సూడోలాగే అధికారి హక్కులిచ్చే పీకేఎగ్జెక్‌లోని లోపం. ఈ లోపానికి పాంకిట్ అని పేరు పెట్టారు. పీకేఎగ్జెక్ తన ఆప్షన్లను ఒకటో స్థానం నుంచి చదవడం మొదలుపెడుతుంది, సున్నాలో ఎలాగూ తన పేరు ఉంటుందన్న నమ్మకంతో. ఆర్గ్‌సీ సున్నా అయితే? షెల్ నుంచి అలా జరగదు. కానీ ఎగ్జెక్‌వీఈని నేరుగా పిలిచే ప్రోగ్రాం ఖాళీ పట్టిక ఇవ్వగలదు. అప్పుడు సున్నా స్థానంలోనే నల్ ఉంటుంది, ఒకటో స్థానం పట్టికకు బయట. మెమరీలో దాని పక్కనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ళ పట్టిక ఉంటుంది కాబట్టి పీకేఎగ్జెక్ అక్కడ చదివింది ఎన్విరాన్‌మెంట్‌లోని మొదటి మాటను. అంతటితో ఆగక, ఆ చోటులో తిరిగి రాసింది కూడా. అధికార హక్కులతో నడిచే ప్రోగ్రాముల నుంచి ప్రమాదకరమైన వేరియబుళ్ళను సిస్టమ్ ముందే తీసేస్తుంది. తీసేసినదాన్ని ఈ రాత మళ్ళీ లోపలికి తెచ్చింది.

ఆ తర్వాతి మెట్టు మీద నేను చాలాసేపు ఆలోచించాను. అలా లోపలికి వచ్చిన వేరియబుల్, అక్షరాల మార్పిడికి వాడే లైబ్రరీ ఎక్కడుందో చెప్పేది. పీకేఎగ్జెక్ దాన్ని ఎప్పుడు వాడుతుంది? ఫిర్యాదు చేసేటప్పుడు. దాడి చేసేవాళ్ళు కావాలనే ఒక తప్పు ఇస్తారు, ప్రోగ్రాం దాన్ని పట్టుకుంటుంది, ఎర్రర్ సందేశం అచ్చు వేయబోతూ దాన్ని టెర్మినల్ భాషలోకి మార్చడానికి లైబ్రరీ వెతుకుతుంది, దాడి చేసేవాళ్ళు పెట్టిన లైబ్రరీ దొరుకుతుంది, అది పూర్తి అధికారాలతో నడుస్తుంది. ఆర్గ్యుమెంట్లు చదవడంలో ఒక పొరపాటు, తప్పు చెప్పే దారిలో ఒక తెరిచిన తలుపు, రెండూ కలిసి 2009 మే నుంచి చాలా లినక్స్ యంత్రాల్లో ఉంటూ వచ్చాయి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, సెంటోస్ అన్నీ దీని బారిన పడ్డవే. ఆర్గ్‌సీ సున్నా కావచ్చన్న సంగతిని ఒక ప్రోగ్రామర్ 2013లోనే పీకేఎగ్జెక్ పేరు చెప్పి మరీ రాసినా, దాన్ని దాడిగా మార్చే దారి అప్పటికి కనపడలేదు. పాంకిట్ తర్వాత, 2022లోనే వచ్చిన లినక్స్ కెర్నెల్ 5.18 నుంచి, ఎవరైనా ఖాళీ పట్టిక ఇస్తే కెర్నెలే ఒక ఖాళీ పేరును అందులో చేరుస్తోంది. ప్రోగ్రాంలో అయితే ఆర్గ్‌సీ ఒకటి కంటే తక్కువా అని చూసే ఒక్క వరస చాలు.

ఆ ఒక్క వరస ఎక్కడ అలవాటవుతుంది? ఆదిత్యపూర్‌లోనైనా, వరంగల్‌లోనైనా, కాకినాడలోనైనా మొదటి సంవత్సరం సీ ల్యాబులోనే. అక్కడ రికార్డులో సరైన ఇన్‌పుట్‌కు వచ్చిన సరైన జవాబు మాత్రమే రాయిస్తున్నాం. పిల్లలు అదే ప్రోగ్రాం అనుకుని బయటికి వస్తున్నారు. ల్యాబు నడిపే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. ప్రతి ప్రోగ్రాంకూ కనీసం ఐదు తప్పు పరుగులు కూడా రికార్డులో రాయించండి: ఏ ఆర్గ్యుమెంటూ ఇవ్వకుండా, తెలియని ఆప్షన్‌తో, సంఖ్య ఉండాల్సిన చోట అక్షరంతో, లేని ఫైలుతో, అవుట్‌పుట్‌ను డెవ్ ఫుల్‌కు మళ్ళించి. ఒక్కోదానికి ప్రోగ్రాం ఏం చెప్పింది, ఏ దారిలో చెప్పింది, ఎగ్జిట్ కోడ్ ఎంత అన్నది పక్కనే రాయించండి. సరైన జవాబుకు ఎన్ని మార్కులిస్తున్నారో, వీటికీ అన్ని మార్కులివ్వండి. సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు, వచ్చే ల్యాబు గంట నుంచే మొదలుపెట్టవచ్చు.